నలభై ఒకటో ఆకారం

లక్షా ఎనభై ఆరు వేల తెలియని సంఖ్యలు.
ఔటర్ హార్బర్‌లో ఖనిజం ఎత్తే క్రేను
నా తెరమీద అన్ని ముక్కలుగా నిలబడి ఉంది.
ఒక్క నిమిషం గాలికి అదెలా ఊగుతుందో చెప్పడానికి
మా గది కంప్యూటరుకి పదకొండు గంటలు.
సాయంత్రం లెక్క మొదలెట్టి మల్కాపురం వెళ్ళిపోతాను.
పొద్దున్న వచ్చేసరికి
దాని ఫ్యాను ఇంకా రొప్పుతూనే ఉంటుంది.

గాలి అంతసేపు ఆగదు.
పైన క్యాబిన్‌లోంచి నూకరత్నం
"పన్జెయ్యాలా, దిగిపోవాలా?" అని వాకీటాకీలో అడిగితే
రేపు చెబుతానంటే ఎలా?

అందుకే తగ్గించాను.
ఎంత ఇనుమైనా ఊగేది కొన్ని తీరుల్లోనే.
బూమ్ తలాడించడం ఒకటి,
నడుం పక్కకి విరవడం ఒకటి,
నాలుగు కాళ్ళూ తడబడి మెలితిరగడం ఒకటి.
ఎవరి దగ్గరెంత శక్తి ఉందో తూచి
వరసలో నిలబెడితే
మొదటి ఏడుగురి దగ్గరే నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు.
మిగతావాళ్ళని ఇంటికి పంపేశాను.

తొమ్మిది సెకన్లు!
నూకరత్నం ప్రశ్న ముగిసేలోపే జవాబు.
ఆ సాయంత్రం బీచ్ రోడ్డులో
మురీ మిక్స్చరు రెండు పొట్లాలు తిన్నాను, ఒక్కదాన్నే.

ఎల్లాజీ ఒప్పుకోలేదు.
ఇరవై ఆరేళ్ళుగా ఆ క్రేనుకి గ్రీజు పూస్తున్న మనిషి.
పెద్ద స్పానరు ఒక కొస ఇనుప కాలికి ఆనించి
రెండో కొస చెవికి పెట్టుకుని వింటాడు.
"సిన్న గాలికి దీని గొంతొకటమ్మా,
పెద్ద గాలికి మారిపోద్ది.
నీ కంపూటర్లో ఒకటే గొంతుంది గదేటి?"

నిజమే, నా ఏడు ఆకారాలూ బుద్ధిమంతులు.
రెండింతలు తోస్తే రెండింతలే ఊగుతాయి.
ఒకదాని జోలికి ఒకటి పోవు.
క్రేను అలా కాదు.
అంతే గాలికి దాని దగ్గర రెండు జవాబులుంటాయి,
పెరుగుతూ వచ్చిన గాలికొకటి,
తగ్గుతూ వచ్చిన గాలికొకటి.
ఇందాక ఏం పడిందో గుర్తుంచుకుని మరీ పలుకుతుంది.

కార్తీకంలో వాయుగుండం పట్టిన రాత్రి
నా తెర నాలుగు సెంటీమీటర్లంది.
బూమ్ కొసన బిగించిన సెన్సరు పదకొండంది.
నూకరత్నం అప్పటికి నిచ్చెన మధ్యలో ఉంది.
దిగాక టీ గ్లాసు పట్టుకోలేకపోయింది.
"పళ్ళు కొట్టుకున్నాయి, సలికి కాదు"
అని మాత్రం అంది.
నేను ఆమె మొహం చూడలేదు.

మర్నాడు ఎల్లాజీ నన్ను మూడో కాలి దగ్గరికి తీసుకెళ్ళి
పిన్నుకీ బుషుకీ మధ్య ఒక మేకు దూర్చి చూపించాడు.
"ఇదీ, మాటాడతంది."
రెండు మిల్లీమీటర్ల సందు.
చిన్న గాలికి ఊరికే తెరుచుకుని ఉంటుంది.
గాలి ముదిరితే మూసుకుని కొడుతుంది,
దెబ్బదెబ్బకీ ఒక ఊపులోని శక్తి
ఇంకో ఊపులోకి ఒలికిపోతుంది.
నేను నమూనాకి పాఠాలు చెప్పింది
నలభై రోజుల మంచి వాతావరణంతో.

ఇంటికి పంపినవాళ్ళని మళ్ళీ పిలిచాను.
నలభై ఒకటో చోట,
దశాంశ బిందువు వెనక సున్నాల గుంపులో దాక్కుని
ఉంది: మూడో కాలి మడమ కాస్త తొలగే ఆకారం.
ఎల్లాజీ నవ్వాడు. పెదజాలరిపేటలో పుట్టినవాడు.
"పెద్ద కన్నుల వలేసి
సముద్రంలో కవ్వళ్ళు లేవంటే ఎలగమ్మా?"

ఎనిమిదోవాడిగా దాన్ని చేర్చి
సందు మూసుకునే క్షణానికి ఒక నియమం రాశాను.
ఇరవై మూడు సెకన్లు పట్టింది.
పది పాయింట్ ఆరు. దాదాపు నిజం.
గాలి తగ్గే దారిలో మాత్రం
ఇంకా తప్పే చెబుతోంది, ఎందుకో తెలీదు.

పరిగెత్తుకుంటూ వెళ్ళి చెబితే
ఎల్లాజీ చేతులు తుడుచుకుంటున్నాడు.
పొద్దున్నే కొత్త పిన్ను వేసేశాడు.
ఇప్పుడక్కడ మేకు కాదు, కాగితం కూడా దూరదు.
నా ఎనిమిదో ఆకారం నిన్నటి క్రేనుది.

నా మొహం చూసి
ఎర్రదుమ్ము పట్టిన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.
"పారీకు, ఉంచు.
మళ్ళీ అరుగుద్ది."